పీచు మనది, నీళ్ళు పక్క శాఖవి

మాది ధాన్య పోషణ శాఖ. అలాంటి శాఖ ఒకటి ఉందని మీరు ఎప్పుడూ విని ఉండకపోతే అందులో మీ తప్పేం లేదు. అక్కడ సీనియర్ అసిస్టెంటుగా తల నెరిసిన నాకే, జీతం పడిన రోజు తప్ప మిగతా రోజుల్లో అనుమానంగానే ఉండేది. కిందటేడు మాత్రం ఆ అనుమానం తీరిపోయింది. మా శాఖ ఉందన్న సంగతి మా జిల్లా ఆఫీసులో ప్రతి కడుపుకీ తెలిసొచ్చింది.

రాజధానిలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుతో ఇదంతా మొదలైంది. అక్కడ ఒక పరిశోధకురాలు ధాన్యంలోని పీచు గురించి గంటసేపు మాట్లాడింది. గోధుమకైనా, జొన్నకైనా, రాగికైనా గింజ మీద ఒక పొర ఉంటుంది. ఆ పొరలో ఉన్న పీచు మన పొట్టలో అరగదు. అరగకపోవడమే దాని గొప్పతనం. అది నీళ్ళను పట్టుకుని ఉబ్బుతుంది, మలాన్ని మెత్తబరుస్తుంది, పేగుల్లో సరుకు ఆగిపోకుండా ముందుకు తోస్తుంది. కాబట్టి పొట్టు తీయని ధాన్యం తినండి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోండి, నీళ్ళు బాగా తాగండి అని ఆవిడ ముగించింది. అందరూ చప్పట్లు కొట్టి లేచి, పక్క హాల్లోకి వెళ్ళి మైదా నాన్‌లు తిన్నారు.

ఆవిడ చెప్పిన మూడు ముక్కలూ మా కమిషనర్ గారి కార్యాలయంలో ఫైలెక్కాయి. ఫైలెక్కిన మాట ఎక్కినట్టే దిగితే ఇక ప్రభుత్వం ఎందుకు? ముందు ప్రణాళికా విభాగం వారు 'కొంచెం కొంచెంగా' అన్న దగ్గర ఆగారు. మార్చి నెలాఖరుకల్లా లక్ష్యం పూర్తి కావాలి. కొంచెం కొంచెంగా తింటూ కూర్చుంటే అది వచ్చే ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. అందుకని దాన్ని కొట్టేసి 'తక్షణమే' అని రాశారు. తర్వాత పరిపాలనా విభాగం వారు 'నీళ్ళు బాగా తాగండి' అన్న దాని కింద ఎర్ర గీత గీశారు. నీరు అను అంశము నీటి సరఫరా శాఖకు చెందినది, ఒక శాఖ మరొక శాఖ అంశములో చొరబడరాదు అన్నారు. సరే కదా అని నీటి శాఖను అడిగారు. తాగిన తర్వాత ఆ నీరు శరీరము లోపలిది కనుక ఆరోగ్య శాఖను సంప్రదించవలెనని వాళ్ళు చెప్పారు. ఆరోగ్య శాఖ వారు, తాగక మునుపు ఆ నీరు బయటిదే కదా అని తిప్పి పంపారు. ఈలోగా మార్చి ముంచుకొస్తోంది. ఎందుకొచ్చిన గొడవని నీళ్ళు తీసేశారు.

చివరికి మిగిలింది 'పీచు తక్షణమే తినవలెను' అన్న ముక్క ఒకటే. అది ఉత్తర్వు రూపంలో మా జిల్లాకు వచ్చింది. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఎవరి పని వాళ్ళు నియమం ప్రకారమే చేశారు.

మాది కరువు జిల్లా. వాన పడితే పక్క మండలం నుంచి కూడా వచ్చి చూసి పోతారు. పీచు మాకేమీ కొత్త కాదు. మా తాతలు సంగటి ముద్ద, కొర్రన్నం, జొన్నరొట్టె తిని, వెనకాల చెంబెడు మజ్జిగ పోసుకుని, కడుపు గురించి ఒక్క సదస్సు కూడా పెట్టకుండా వెళ్ళిపోయారు. మేమంతా ఇప్పటికీ ఇంటి దగ్గర సంగటి తినేవాళ్ళమే. అయితే సంగటి లెక్కలోకి రాదని మా జాయింట్ డైరెక్టర్ గారు తేల్చేశారు. ముద్ద మీద అందులో పీచెంతో అచ్చు వేసి ఉండదు కదా. ప్రభుత్వం ఆమోదించిన పొట్లంలో ఉన్నదే పీచు.

ఈ జాయింట్ డైరెక్టర్ పురుషోత్తమరావు గారి గురించి ఒక మాట చెప్పాలి. కృష్ణా తీరం నుంచి బదిలీ మీద వచ్చారు. పుట్టగానే ఏడవకుండా ఉత్తర్వు చదివారేమో అనిపించే మనిషి. ఇంట్లో కాఫీ కావాలన్నా 'కాఫీ విషయమై తగు చర్య గైకొనుము' అంటారని ఆయన డ్రైవరు చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది ఆయన కంటికి కనిపించదు, అంతే.

ఒకరోజు పొట్లాలు లారీలో దిగాయి. విప్పి చూస్తే గోధుమ తవుడు. మా ఇంట్లో బర్రెకు వేసే సరుకే. తేడా ఏమిటంటే, బర్రెకైతే తొట్టి నిండా నీళ్ళు పోసి, తవుడు కలిపి కుడితి చేసి పెడతాం. పశువుల శాఖ వారికి నీళ్ళ మీద అభ్యంతరం ఉన్నట్టు లేదు.

జె.డి. గారు మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టి ప్రసంగించారు. ప్రజలను తినుమని కోరుటకు ముందు ఉద్యోగులు తిని చూపవలసి యున్నదని, ఉద్యోగి ఉదరమే ఉద్యమమునకు ఉదాహరణ కావలెనని చెప్పారు. ఆ రోజు నుంచి పదకొండు గంటలకు గంట కొట్టగానే 'సామూహిక పీచు సేవనం'. అందరం వరసగా నిలబడి, పొట్లం చించి, పొడి తవుడు నోట్లో పోసుకోవాలి. మొదటిరోజు ఎవరో దగ్గారు. ఆ దగ్గుకి పక్కవాడి నోట్లోది పైకి లేచింది. కాసేపటికి హాలు పిండిమర లోపలిలా తయారైంది. జె.డి. గారు మాత్రం తినలేదు. పర్యవేక్షించు అధికారి పర్యవేక్షింపబడు కార్యములో పాల్గొనరాదట. ఆయన పేరు రాసిన పొట్లాలు రోజుకొకటి చొప్పున ఆయన సొరుగులోకి పోయేవి.

మగవాళ్ళకు పెద్ద ఇబ్బంది లేకపోయింది. సేవనం అవగానే వీధి చివర టీ కొట్టుకు పోయి కడుపునిండా నీళ్ళు తాగి, వచ్చే దారిలో కాంపౌండు గోడ వెనక పని చూసుకునేవాళ్ళం. 'ఇచ్చట మూత్ర విసర్జన నిషిద్ధం' అని ఆ గోడ మీద రాసి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు కూడా చోటు సులభంగా తెలుస్తుంది.

ఆడవాళ్ళ సంగతి అలా కాదు. మా ఆఫీసులో మగవాళ్ళ బాత్రూంకి పైకప్పు కూలింది. లేడీస్ బాత్రూంకి పైకప్పు బాగానే ఉంది గానీ తలుపుకు తాళం ఉంది. ఎప్పుడో పరిశుభ్రత వారోత్సవాలు జరిపినప్పుడు మిగిలిపోయిన కరపత్రాలు, ఫైళ్ళు, 'మరుగుదొడ్డి మహిళల ఆత్మగౌరవం' అని రాసిన బ్యానర్లు పెట్టడానికి చోటు లేక ఆ గదిలో కుక్కారు. అవి ప్రభుత్వ కాగితాలు. వాటిని కదపాలంటే పైనుంచి అనుమతి కావాలి. అనుమతి రావాలంటే లోపల ఏమేం ఉన్నాయో జాబితా పంపాలి. జాబితా రాయాలంటే గది తెరవాలి. గది తెరవాలంటే అనుమతి కావాలి. ఇక పని చేసే బాత్రూం ఆఫీసు మొత్తానికి ఒక్కటే, అది జె.డి. గారి గదికి ఆనుకుని ఉన్నది. దాంట్లోకి వేరేవాళ్ళు పోయిన దాఖలా లేదు.

అందుకని మా ఆఫీసు ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పొద్దున ఇంట్లో సగం గ్లాసు కాఫీతో గొంతు తడుపుకుని వస్తే, మళ్ళీ సాయంత్రం గడప తొక్కేదాకా నీళ్ళు ముట్టరు. మే నెలలో కూడా అంతే. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి ఫైళ్ళ పని కంటే ముందు ఈ విద్య నేర్పుతారు. ఇప్పుడు ఈ ఎండిన గొంతుల్లోకి పొడి తవుడు వచ్చి పడింది.

మా సెక్షన్ సూపరింటెండెంట్ నాగవేణి. ఆఫీసులో అందరికీ వేణక్క. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. తేదీ వెనక్కి వేసి సంతకం పెట్టమంటే పెన్ను మూసేసి లేచిపోతుంది. అబద్ధం రాయడం చేతకాని మనిషి సర్కారు ఆఫీసులో అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చిందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తిన్న పీచుకు ఫలితం కనపడాలి కదా. జె.డి. గారు 'ఫలితాలు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ప్రతి ఉద్యోగీ పొద్దున్నే తన ఫలితాన్ని అందులో తెలియజేయాలి. ఇష్టమొచ్చినట్టు వర్ణించకూడదు. 'సంతృప్తికరం', 'పాక్షికం', 'పురోగతిలో ఉన్నది' అన్న మూడింటిలో ఒకటి రాయాలి. మగవాళ్ళం మంచం దిగక ముందే 'సంతృప్తికరం' అని కొట్టేసేవాళ్ళం. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక 'లక్ష్యానికి మించి సాధించడమైనది' అని రాస్తే, జె.డి. గారు అభినందనలు తెలిపారు.

వేణక్క మాత్రం రోజూ 'లేదు' అని రాసేది.

ఆ ఒక్క 'లేదు' వల్ల మా జిల్లా నూటికి నూరు శాతం కావడం లేదు. పక్క జిల్లా వాళ్ళు నూట నాలుగు శాతం చూపించారు. రిటైరైనవాళ్ళను కూడా కలుపుకున్నారట. వీడియో సమావేశంలో కమిషనర్ గారు మా జె.డి.ని నిలబెట్టి అడిగారు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయం చాలా తర్కబద్ధమైనది. పీచు వల్ల ఫలితం వచ్చును. ఫలితం రాలేదు. కనుక పీచు చాలలేదు. వేణక్కకు పొట్లాలు రెట్టింపు చేశారు.

రెట్టింపు తిన్నాక కూడా 'లేదు' అనే వచ్చింది. దాన్ని మళ్ళీ పెంచారు.

వేణక్క మొహం పీక్కుపోయింది. కడుపు రాయిలా ఉందని, కూర్చుంటే పొడుస్తోందని నిలబడే ఫైళ్ళు చూసేది. మిగతా ఆడవాళ్ళ పరిస్థితి కూడా అంతకంటే మెరుగ్గా ఏం లేదు. వాళ్ళు 'పాక్షికం' అని రాసి బయటపడుతున్నారు. నేను ఒకరోజు ఉండబట్టలేక, "అక్కా, నువ్వు గూడా పాక్షికమని రాసి పారేయరాదా" అన్నాను.

"పాక్షికం గూడా ల్యా ఓబులేసూ. ల్యాంది ఉండాదని ఎట్ల రాసేది" అంది.

జె.డి. గారు ఆమెను పిలిపించారు. ఫైలు పట్టుకుని నేనూ వెళ్ళాను. జిల్లా ప్రతిష్ఠ ఒకే ఒక వ్యక్తి జీర్ణవ్యవస్థ వద్ద పెండింగులో ఉండుట శోచనీయమని ఆయన మొదలుపెట్టారు. ఆమె ఓపిగ్గా విని, పీచుతో పాటు నీళ్ళు పడకపోతే లోపల గట్టిపడుతుందని, ఇది తన ఇంట్లో బర్రెలు కాసే మనిషికి కూడా తెలుసని చెప్పింది. నీటి విషయం ఉత్తర్వులో లేదని, అది మన శాఖ పరిధి కాదని ఆయన అన్నారు.

"పరిధి సంగతి నాకెందుకు సార్. ఈడ నేను నీళ్ళు తాగితే యాడికి పోవల్ల? ఆ గది తాళం తీపించండి, మీరు చెప్పినంత తవుడు తింటా."

"ఆ గది మౌలిక సదుపాయముల కిందికి వచ్చును. ఇది జీర్ణము కిందికి వచ్చును. రెండు పద్దులను కలుపరాదు" అన్నారు జె.డి. గారు. ఆయన నిజంగానే బాధపడుతూ అన్నారు.

ఆ వారంలోనే వేణక్క ఆఫీసులో కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. చెమటలు కారుతున్నాయి, మాట రావడం లేదు. నేనూ, అటెండరు సుంకులమ్మా ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టర్ షమీమ్ అని చిన్నావిడ చూసింది. పేగులో సరుకు గడ్డకట్టి ఆగిపోయిందని, ఇంకో రెండు రోజులు ఇలాగే పోతే కోయాల్సి వచ్చేదని చెప్పింది. మేమందరం కలిసి ఒక మనిషిని తవుడుతో చంపబోయామని అప్పుడు తెలిసింది.

ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగింది. చెప్పాం. నీళ్ళు ఎంత తాగుతారని అడిగింది. అదీ చెప్పాం. ఆవిడ కాసేపు మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, పీచులో దోషం లేదని, అది నీళ్ళు దొరికితేనే పని చేస్తుందని, దొరక్కపోతే గట్టిపడిన సిమెంటులా కూర్చుంటుందని చెప్పింది. అదీ గాక, అలవాటు లేని కడుపులో ఒక్కసారిగా అంత కుమ్మరిస్తే గ్యాసు, నొప్పి రాకుండా ఎలా ఉంటాయని అడిగింది. ఎనీమా ఇచ్చి, రెండు రోజులు ఉంచుకుని, సంగటి మానొద్దని, పొట్లాలు ముట్టొద్దని, మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గ్లాసు నీళ్ళు తాగాలని చీటీ రాసిచ్చింది.

చీటీ చూసి వేణక్క ఆలోచనలో పడింది. గంటకో గ్లాసు తాగాలంటే ఆఫీసులో కుదరదు. కాబట్టి నియమం ప్రకారం సెలవు పెట్టింది. సెలవు కారణం దగ్గర 'నీళ్ళు తాగుటకు' అని రాసింది.

ఆ దరఖాస్తు మా ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు. మెడికల్ లీవు అనుకుంటే వ్యాధి పేరు ఉండాలి, దాహం వ్యాధుల జాబితాలో లేదు. సొంత పని అనుకుంటే డాక్టరు చీటీ ఎందుకు జతచేసినట్టు? చివరికి జె.డి. గారు, నీరు త్రాగుట అనునది ప్రతి జీవియు విధులు నిర్వర్తిస్తూనే చేయదగిన పని కనుక సెలవు మంజూరు చేయుట కుదరదని తిరస్కరించారు. దానికి తోడు ఒక చార్జి మెమో కూడా ఇచ్చారు. దాన్ని టైపు చేయాల్సిన ఖర్మ నాకే పట్టింది. 'శ్రీమతి నాగవేణి ఉద్దేశపూర్వకముగా తన ఫలితమును నిలుపుదల చేసి జిల్లా ప్రగతికి భంగము కలిగించినందున, ఆమెపై క్రమశిక్షణా చర్య ఏల గైకొనరాదో తెలుపవలెను.' వారంలో కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే సస్పెన్షను. రిటైర్మెంటు ముందు సస్పెండైతే పెన్షను గతి ఏమవుతుందో సర్కారు ఆఫీసులో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వారంలో జె.డి. గారికీ ఒక కష్టం వచ్చింది. అధికారులు కూడా తమ పేరిట వచ్చిన పొట్లాలు తిని ఖాళీవి చూపించాలని కమిషనర్ గారు కబురు పెట్టారు. పారేద్దామంటే భయం. పక్క జిల్లా అధికారి తన వాటా తవుడంతా ఆఫీసు కాలవలో గుమ్మరిస్తే, అది నీళ్ళు పీల్చి ఉబ్బి, కాలవ పూడుకుపోయి, బండారం నడివీధిలో బయటపడింది. ఆయన ఇప్పుడు సస్పెండై ఇంట్లో ఉన్నాడు. దాంతో మా జె.డి. గారు సొరుగు ఖాళీ చేసి అంతా ఇంటికి పట్టుకుపోయారు. ఆయన భార్య ఉప్మాలో, దోసెల్లో, మజ్జిగలో కలిపి మూడు పూటలా పెట్టింది. ఇంట్లో నీళ్ళకు కొదవ లేదు కాబట్టి చెంబులు చెంబులు తాగించింది. పరిశోధకురాలు చెప్పిన నీళ్ళ శాస్త్రం మా జిల్లాలో ఒక్క చోటైనా సవ్యంగా అమలైందంటే అది జె.డి. గారి కడుపులోనే.

కమిషనర్ గారు వచ్చారు. హాలు ముందు ముగ్గులు, వేదిక మీద పూలకుండీలు, వేదిక మీదివాళ్ళకు మాత్రం చల్లటి నీళ్ళ సీసాలు. ఆవరణంతా కడగడానికి ట్యాంకులో ఉన్న నీళ్ళన్నీ అయిపోయాయి. కమిషనర్ గారి కారు కడగడానికని ఒక డ్రమ్ము మాత్రం పక్కన పెట్టారు. గంట కొట్టారు, అందరం పొడి తవుడు మింగాం. కమిషనర్ గారు తృప్తిగా చూసి, ఈ జిల్లాలోని పెండింగ్ కేసును ప్రవేశపెట్టమన్నారు.

వేణక్క లేచి నిలబడింది. జె.డి. గారు అభియోగం చదివారు. చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగి, కుర్చీలో సర్దుకుని, నుదురు తుడుచుకున్నారు. ఎండకేమో అనుకున్నాను.

వేణక్క సంజాయిషీ కాగితం తేలేదు. తిన్నగా వేదిక దగ్గరికి నడిచి, బల్ల మీద నీళ్ళ సీసా తీసుకుని, మూత తిప్పి, ఆగకుండా తాగింది. తర్వాత రెండో సీసా తీసుకుంది. మూడోది కమిషనర్ గారి ముందున్నది. అది కూడా తాగింది. ఒక మనిషి అంత దాహంతో నీళ్ళు తాగడం నేను ఎన్నడూ చూడలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను నిలిపింది నీళ్ళు సార్, ఫలితం గాదు" అంది కమిషనర్ గారితో. "ఈ ఆఫీసులో చేరినప్పట్నుంచి పగటిపూట గొంతు తడుపుకునింది ల్యా. ఈడ ఆడోళ్ళందరూ అంతే. ఇప్పుడు మీ ముందర తాగినా. ఇంగ యాడికి పోవల్లనో మీరే చెప్పండి."

కమిషనర్ గారు జె.డి. గారి వైపు తిరిగారు. ఆ అంశము పరిశీలనలో ఉన్నదని జె.డి. గారు విన్నవించారు.

"పరిశీలన అయ్యేంతవరకు నేను ఉండలేను సార్" అని చెప్పి, వేణక్క నెమ్మదిగా జె.డి. గారి గదిలోకి నడిచింది. లోపల బాత్రూం గడియ పడిన చప్పుడు హాలంతా వినిపించింది.

సుంకులమ్మ చీర కొంగు దోపుకుని వేదిక దగ్గరికి పోయింది. మిగిలిన సీసాల్లో ఒకటి తాగి, ఆమె కూడా జె.డి. గారి గదిలోకి పోయి నిలబడింది. ఆమె వెనక స్టెనో రమీజా, ఆమె వెనక టైపిస్టు, ఆ తర్వాత అకౌంట్స్ సెక్షన్ ఆడవాళ్ళంతా వెళ్ళారు. సీసాలు అయిపోతే కారు డ్రమ్ములో గ్లాసు ముంచుకుని తాగి వచ్చారు. వరస గది దాటి వరండాలోకి వచ్చింది.

సరిగ్గా ఆ సమయంలో జె.డి. గారి కడుపులో శాస్త్రం పూర్తయింది. వేదిక మీద నుంచి ఒక శబ్దం వచ్చింది. కమిషనర్ గారు మర్యాదగా పూలకుండీ వైపు చూశారు. జె.డి. గారు ఒక అత్యవసర అంశము కలదని గొణిగి, రెండు చేతులూ ముందు కట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తన గదికి పోయారు. గుమ్మంలో వరస కనిపించింది. అది అధికారుల బాత్రూం అని ఆయన గుర్తుచేశారు.

"ఔను సార్, మాకు తెల్సు. ఎనక్కి పోయి నిలబడండి" అంది సుంకులమ్మ.

వరస చివర ఎక్కడుందో ఆయన చూశారు. వరండా మలుపు తిరిగి ఉంది. ఆయన నా దగ్గరికి వచ్చారు. మొహం కందిపోయి ఉంది. లేడీస్ బాత్రూం తాళం పగలగొట్టమన్నారు.

ఇన్నేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? "పై అనుమతి లేదు కదా సార్" అన్నాను.

"నేనే అనుమతి."

"జాబితా రాయాల గదా సార్ ముందు."

"పగలగొట్టరా నాయనా" అన్నారు జె.డి. గారు. ఆయన నోటి వెంట మామూలు తెలుగు వినడం మాకు అదే మొదలు.

జెండా దిమ్మె దగ్గరి రాయి తెచ్చి రెండు దెబ్బలు వేస్తే తాళం ఊడిపడింది. తలుపు తీయగానే కరపత్రాలు జారి కాళ్ళ మీద పడ్డాయి. మగవాళ్ళందరం కలిసి ఫైళ్ళూ బ్యానర్లూ చేతికందినట్టు బయటికి గిరవాటేశాం. ఎన్నేళ్ళుగానో కదలని ప్రభుత్వ కాగితాలు పట్టుమని పది నిమిషాల్లో ఎండలో పడ్డాయి. చివరి కట్ట ఇంకా నా చేతిలో ఉండగానే, ఆత్మగౌరవం బ్యానరు తొక్కుకుంటూ జె.డి. గారు లోపలికి దూరి గడియ వేసుకున్నారు. మా ఆఫీసు లేడీస్ బాత్రూంకి ఆ విధంగా ఒక పురుషుడి చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగింది.

కమిషనర్ గారు కూడా హాలు దిగి అక్కడికి వచ్చారు. అందరం తలుపుకు కాస్త దూరంలో గౌరవంగా నిలబడ్డాం. లోపల కాసేపు పథకం విజయవంతంగా అమలవుతున్న చప్పుళ్ళు వచ్చాయి. తర్వాత కొళాయి తిప్పిన కీచుమన్న శబ్దం, మళ్ళీ తిప్పిన శబ్దం.

చివరికి లోపల్నుంచి సన్నటి గొంతు వచ్చింది. జలము విషయమై ఎవరైనను తక్షణ చర్య గైకొనవలసిందిగా కోరుతున్నారు.

మగవాళ్ళం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అప్పటికి వేణక్క పని ముగించుకుని తేటపడిన మొహంతో బయటికి వచ్చింది. సంగతి విని, కారు డ్రమ్ము దగ్గరికి పోయి, బకెట్టు నిండా నీళ్ళు ముంచి మోసుకొచ్చి తలుపు దగ్గర పెట్టింది. పెట్టి, తలుపు మీద వేళ్ళతో తట్టింది.

"బకెట్టు తెచ్చినా సార్. తలుపు సందు తీస్తే లోపలికి తోస్తా. దానికి ముందు ఒక మాట. ఇయ్యాల్టి నుంచి ఈ గది ఆడోళ్ళది. ట్యాంకరు నీళ్ళు మీ గదికి వచ్చినట్ల దినామూ ఈడికి గూడా రావల్ల. నా మీద రాసిన మెమో చింపేయల్ల. కమిషనర్ సారు గూడా ఈడనే ఉండారు, వింటాండారు."

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. లోపల జె.డి. గారు ఆలోచిస్తున్నట్టున్నారు. ఆ ప్రతిపాదనను ఏ విభాగానికి పంపాలో, ఏ పద్దు కింద రాయాలో, ఎవరి అభిప్రాయం కోరాలో ఆయన మనసులో తిరుగుతూ ఉంటుంది. వేణక్క తొందరపెట్టలేదు. బకెట్టు పక్కన మెట్టు మీద కూర్చుని కొంగుతో విసురుకుంది.

గడియ కొంచెం కదిలింది.

"ఆమోదించడమైనది" అని లోపల్నుంచి వినిపించింది.